అక్క కూతురి మీద నేను రాసిన రికార్డు

"ఐదేళ్ళ బిడ్డను ఒకరిని ఎంచుకుని, మూడు నెలలు గమనించి, చూసింది చూసినట్టు రికార్డు రాయండి" అని సైకాలజీ మేడమ్ చెప్పిన రోజు నేను సంతోషపడ్డాను. అంత తెలివితక్కువ సంతోషం ఆ తర్వాత ఎప్పుడూ పడలేదు.

అప్పటికి మా ఊరి బంగారు గనులు సర్కారు చేతికి వచ్చి చాలా ఏళ్ళయింది. మా నాయన భూమి అడుగున పని చేసేవాడు. మేము మారికుప్పంలో గని కార్మికుల లైను ఇళ్ళలో ఉండేవాళ్ళం. నేను రోజూ బస్సెక్కి కోలారుకు పోయి టీచర్ ట్రైనింగ్ చదువుతున్నాను. నాతో చదివేవాళ్ళలో సగం మంది హాస్టల్లో ఉండేవాళ్ళు. వాళ్ళు గమనించడానికి ఒక బిడ్డను వెతుక్కోవాలి, ఆ బిడ్డ తల్లిని బతిమాలుకోవాలి. నాకేమో ఇంట్లోనే ఒకతె ఉంది. మా అక్క కూతురు. సరిగ్గా ఐదేళ్ళు నిండాయి.

అక్క బెంగళూరులో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని చేసేది. తెల్లవారకముందే రైలెక్కితే మళ్ళీ చీకటి పడ్డాక దిగేది. బావకు మాలూరు దగ్గర ఇటుక బట్టీలో పని. పదిహేను రోజులకొకసారి వచ్చేవాడు. అందుకని అక్క, పాప మా ఇంట్లోనే ఉండేవాళ్ళు. పగలంతా పాపను చూసుకునేది మా అమ్మ. నేను ట్రైనింగుకు పోవాలని ఇంట్లో అందరితో పోట్లాడింది మాత్రం అక్క. ఈ మాట ఇక్కడే చెప్పేయడం మంచిది, ఎందుకంటే తర్వాత నేను చేసిన పనికి అది ఇంకా సిగ్గుచేటు.

మా పాఠ్యపుస్తకంలో బిడ్డ ఎదుగుదల దశలు దశలుగా ఉండేది. పుట్టినప్పటి నుంచి రెండేళ్ళ దాకా ఒకటి, ఏడేళ్ళ దాకా ఇంకొకటి, పదకొండేళ్ళ దాకా మరొకటి. స్విట్జర్లాండు దేశపు పెద్దమనిషి ఒకాయన బిడ్డలను కూర్చోబెట్టి ప్రశ్నలడిగి కనిపెట్టినవట. ఏ దశలో బిడ్డ ఏమి చేస్తుందో, ఏమి చేయలేదో పట్టిక వేసి ఉండేది. బస్సులో నిలబడి కడ్డీ పట్టుకుని ఆ పట్టికను కన్నడంలో బట్టీ పట్టేదాన్ని. ఎంత బాగా వచ్చేసిందంటే, ఎదుటి సీట్లో ఎవరి ఒళ్ళోనైనా బిడ్డ కనబడితే చాలు, ఏ దశో మనసులో చెప్పేసుకునేదాన్ని. బిడ్డలను చూడటం ఇంత సులభమా అనిపించేది.

మొదటి పరీక్షలోనే పాప నాకు బుద్ధి చెప్పింది. ఐదేళ్ళ బిడ్డ తనకు కనిపించేదే అందరికీ కనిపిస్తుందనుకుంటుంది, ఎదుటివాళ్ళు నిలబడిన చోటు నుంచి ఆలోచించలేదు అని పుస్తకంలో ఉంది. దాన్ని పరీక్షించడానికి మూడు కొండల బొమ్మ చేయాలి. నేను వాకిట్లో మట్టితో మూడు గుట్టలు పోశాను. ఒకదాని మీద పుల్ల గుచ్చాను, ఒకదాని వెనక అగ్గిపెట్టె పెట్టాను. పాపను ఈ పక్క కూర్చోబెట్టి, అవతలి పక్క దాని గుడ్డబొమ్మను నిలబెట్టి, "బొమ్మకు ఏమేమి కనిపిస్తా ఉండాది?" అని అడిగాను.

"ఏమీ కనిపించదు" అంది.

"ఏంటికి?"

"దానికి కండ్లు అవ్వ బొగ్గుతో గీసింది, పిన్నమ్మా. గీసిన కండ్లు చూస్తాయా?"

అది ఏ దశలోకి వస్తుందో పట్టికలో లేదు. ఆ పుట ఖాళీగా వదిలేశాను.

తర్వాతది నీళ్ళ పరీక్ష. పుస్తకంలో అన్నిటికంటే పెద్ద అక్షరాలతో ఉన్నది అదే. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోసి చూపించాలి. బిడ్డ రెండూ సమానం అని ఒప్పుకున్నాక, ఒక గ్లాసులోని నీళ్ళను పొడవైన సన్నటి గ్లాసులోకి వంచి, ఇప్పుడు దేనిలో ఎక్కువ ఉన్నాయని అడగాలి. ఐదేళ్ళ బిడ్డ పొడవు గ్లాసులోనే ఎక్కువ అంటుంది. నీళ్ళు పైకి కనబడుతున్నాయి కాబట్టి మోసపోతుంది. మోసపోకుండా ఉండే తెలివి ఏడేళ్ళకు గానీ రాదు. పుస్తకం చెప్పేది ఇది.

పక్క లైనులో ఒక ఇంటి నుంచి పొడవు గాజు గ్లాసు అడిగి తెచ్చాను. అమ్మ గొణుగుతూనే ఉంది. "తాగేదానికి నీళ్ళు లేవు, ఈమెకు ఆటలకు కావాలంట." పాప ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నేను నీళ్ళు వంచి అడిగాను.

"రెండూ ఒకటే" అంది పాప.

"బాగా చూసి చెప్పు."

"చూసినాను. ఒకటే."

"ఇది ఎంత పొడుగుండాదో చూడు!"

అది నా ముఖం వైపు జాలిగా చూసింది. "పొడుగుంటే ఏమి? కొళాయి కాడ చూసినాము గదా, పిన్నమ్మా. డబ్బాతో పోసినారే."

నాకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది. మా లైనుకంతా ఒకటే కొళాయి. నీళ్ళు వచ్చేది కాసేపే. ఒక్కో ఇంటికి ఒక మారుకు రెండు బిందెలు, తర్వాత మళ్ళీ వరుసలో నిలబడాల్సిందే. మా బిందె పొట్టిది, పొట్ట పెద్దది. పక్కింటి ఆమెది ఎత్తుగా మెడ సాగిన ఇత్తడి బిందె. దాంట్లో ఎక్కువ పడుతుందని మా అమ్మ, కాదు మీ బొజ్జ బిందెలోనే ఎక్కువని ఆమె, ఎన్నో దినాలు కొట్లాడుకున్నారు. చివరికి లైను పెద్దాయన ఒకడు కిరసనాయిలు డబ్బా తెచ్చి, నీళ్ళు కొలిచి, ఒకే కొలత రెండు బిందెల్లోనూ పోసి అందరికీ చూపించాడు. రెండూ మెడ దాకా నిండాయి. ఆ దినం పాప మా అమ్మ కొంగు పట్టుకుని ముందు వరుసలోనే నిలబడి ఉంది. స్విట్జర్లాండు పెద్దమనిషి పాఠం దానికి మా కొళాయి దగ్గరే అయిపోయింది.

సరే, నీళ్ళు పోయాయి, పిండి ఉంది కదా అనుకున్నాను. చపాతి పిండి రెండు ఉండలు సమానంగా చేసి, ఒకదాన్ని పామి పొడవుగా సాగదీసి అడిగాను. ఇక్కడ మాత్రం పాప ఆలోచించకుండా "పొడుగుది ఎక్కువ" అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. రెండింటినీ జరిగింది జరిగినట్టే రాసుకుని మరుసటి దినం కోలారుకు పోయాను.

మేడమ్ ఎర్ర పెన్ను పట్టుకుని చదివారు. ఆవిడది కోలారే. పాఠం కన్నడంలో చెప్పినా మాతో విడిగా తెలుగులోనే మాట్లాడేవారు.

"ఇదేమమ్మా, నీళ్ళు రెండూ ఒకటే అని రాసినావు?"

"పాప అట్లే చెప్పింది మేడమ్."

"ఐదేండ్ల బిడ్డ అట్ల చెప్పదు."

"చెప్పింది మేడమ్."

"అయితే వయసు తప్పు. ఏడేండ్లుంటాయి. ఎవరినైనా అడిగినావా?"

"అది పుట్టిన దినం నేను ఆస్పత్రిలోనే ఉండాను మేడమ్."

ఆవిడ పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. "మళ్ళీ పిండికాడ తప్పు చెప్పిందని రాసినావు. ఒకే బిడ్డ ఒకే దినం రెండు దశల్లో ఉంటుందా? బీరువాలో పాత రికార్డులు ఉండాయి. పోయి చూడు. ఎట్ల రాయాలో తెలుస్తుంది."

బీరువా ముందు కూర్చుని ఒక్కొక్కటీ తీసి చూశాను. అన్ని రికార్డుల్లోనూ బిడ్డ ఒకే మాట చెప్పింది. "పొడవు గ్లాసులోనే నీళ్ళు ఎక్కువగా ఉన్నాయి టీచర్." ఊళ్ళు వేరు, ఏళ్ళు వేరు, బిడ్డలు వేరు. మాట మాత్రం అదే. ఒక రికార్డు అట్ట మీద మగపిల్లవాడి పేరు రాసి ఉంది. లోపల మొదటి పుట నుంచి చివరి పుట దాకా "ఆమె", "ఆమె" అనే ఉంది. ఎవరూ దిద్దలేదు. మార్కులు బాగా వేశారు.

అప్పటికైనా నాకు బుద్ధి రావలసింది. రాలేదు. నేను ఇంకా పెద్ద తెలివి ఉపయోగించాను. అదే పుస్తకంలో రెండు పాఠాల వెనక ఒక కుక్క కథ ఉంది. కూడు పెట్టే ముందు గంట కొడుతూ ఉంటే, కొన్నాళ్ళకు గంట వింటేనే దానికి నోట్లో నీళ్ళూరుతాయట. ఇంకో పాఠంలో, చేసిన పనికి బహుమానం దొరికితే ఆ పని మళ్ళీ మళ్ళీ చేస్తారని ఉంది. నేను బజారులో పెప్పర్‌మెంట్లు కొని కొంగున ముడివేసుకుని వచ్చాను.

పాపను మళ్ళీ గ్లాసుల ముందు కూర్చోబెట్టాను. "ఒకటే" అంటే ఊరుకున్నాను. వేలు పొడవు గ్లాసు వైపు పోతే ఒక పెప్పర్‌మెంటు ఇచ్చాను. కుక్కకు ఎన్నాళ్ళు పట్టిందో గానీ, పాపకు రెండు మార్లు చాలింది. మూడో మారు నేను నీళ్ళు వంచకముందే, "పొడుగుదాంట్లో ఎక్కువ, పొడుగుదాంట్లో ఎక్కువ" అని చేయి చాపింది. నేను గబగబా రాసుకున్నాను. రేపే ఇవ్వాలి కదా అని సర్దిచెప్పుకున్నాను.

మరుసటి దినం పొద్దున కొళాయి దగ్గర పాప అందరి ముందూ పక్కింటి ఆమె బిందె వైపు వేలు చూపించి గట్టిగా అనింది. "పొడుగుదాంట్లో ఎక్కువ!" తర్వాత పెప్పర్‌మెంటు కోసం చుట్టూ చూసిందట.

అంతే. చల్లారిన కొట్లాట మళ్ళీ మొదలైంది. పక్కింటి ఆమె తమిళంలో, మా అమ్మ తెలుగులో. "బిడ్డకు నేర్పించి పంపిస్తా ఉండారు" అని ఆమె అనడం నేను బస్సుకు బయలుదేరుతూ చెవులారా విన్నాను. సాయంకాలం ఇంటికి వచ్చేసరికి అమ్మ చేట పట్టుకుని గడపలో కూర్చుని ఉంది.

"నీ చదువు అట్ల కాల్చా" అంది. "డబ్బాతో కొలిచి తీర్చిన మాటను మళ్ళీ లేపినావు కదే. ఇంగ రేపటినుంచి నీళ్ళకు నువ్వే పో. నాకు బేజారైపోయింది."

నాలుగు దినాలు నేనే పోయాను. వరుసలో నా వెనక పక్కింటి ఆమె. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పెప్పర్‌మెంటు రాత కొట్టేశాను. మేడమ్ దగ్గరికి పోయి, నీళ్ళ సంగతి పాప మొదట చెప్పినట్టే ఉండనివ్వండి అన్నాను. ఆవిడ చాలాసేపు నుదురు రుద్దుకున్నారు.

"అయితే కారణం రాయల్ల. ఒక దాంట్లో ముందు, ఒక దాంట్లో వెనక ఉండాదంటే ఏదో కారణం ఉంటుంది కదా. ఇంట్లో తల్లి ఉండాదా?"

"ఉండాది మేడమ్. దినమూ బెంగళూరుకు పనికి పోతుంది."

"ఆ, చూడు మరి!" ఆవిడ ముఖం వికసించింది. "తల్లీబిడ్డల అనుబంధం పాఠం చదివినావు కదా? తల్లి దూరమైతే బిడ్డ ఎదుగుదల ఎగుడుదిగుడుగా ఉంటుంది. తల్లి పోయేటప్పుడు బిడ్డ ఏడుస్తుందా?"

"లేదు మేడమ్. అప్పుడు నిద్రపోతా ఉంటుంది."

"ఏడవదు అని రాసుకో. అది ఇంకా మంచిది కాదు." ఆవిడ చెబుతూ పోయారు, నేను రాస్తూ పోయాను. తల్లి ఒడి దొరకని బిడ్డ. తల్లి ప్రేమ కొరవడినందువల్ల బుద్ధి వికాసంలో అస్థిరత కనబడుతున్నది. చక్కని కన్నడం. నా చేతిరాత కూడా ఆ దినం ఎందుకో ముద్దుగా వచ్చింది. ఆవిడ కింద సంతకం పెట్టారు. రికార్డు పూర్తయిందని నేను బస్సులో కిటికీ పక్కన కూర్చుని కన్ను మూశాను.

ఆదివారం అక్క ఇంట్లో ఉండే దినం. పాప వారమంతా ఫిర్యాదులు దాచుకునేది. అక్క దాని తల దువ్వుతూ పేలు తీస్తుంటే అన్నీ వరుసగా చెప్పేది. అవ్వ సోమవారం సంగటి వేడిగా పెట్టింది, తాత బొమ్మ మీద కూర్చున్నాడు, ఇట్లాంటివి. ఆ ఆదివారం నా వంతు వచ్చింది.

"పిన్నమ్మ నన్ను నీళ్ళకాడ అబద్దం చెప్పమనింది."

అక్క దువ్వెన ఆగింది. "ఏమి అబద్దం?"

"పొడుగుదాంట్లో ఎక్కువ అని. చెప్తే పెప్పర్‌మెంటు ఇచ్చింది. ఆ పొద్దు కొళాయికాడ చెప్తే ఎవరూ ఇయ్యలేదు. తిట్టినారు."

అక్క నా వైపు చూసింది. నేను అది పరీక్ష అనీ, ట్రైనింగులో చెప్పారనీ, రికార్డు రాయాలనీ చెప్పాను. "యాడ, ఆ రికార్డు చూపించు" అంది. తెచ్చి ఇచ్చాను. అక్క కన్నడం నాకంటే బాగా చదువుతుంది. గ్లాసుల పుట చూసి కొంచెం నవ్వింది కూడా. తర్వాతి పుట తిప్పింది.

ఒక మారు చదివింది. మళ్ళీ మొదటి నుంచి వేలు పెట్టుకుని చదివింది.

"తల్లి ఒడి దొరకని బిడ్డ అని రాసినావు" అంది. గొంతు పెద్దగా లేదు. "నేను యాడికి పోయినానమ్మా? సచ్చిపోయినానా?"

"నేను రాయలేదక్కా. మేడమ్ చెప్పినారు."

"చెయ్యి ఎవరిది?"

నేను రికార్డు కోసం చెయ్యి చాపాను. అక్క ఇవ్వలేదు.

"మేడమ్ నా బిడ్డను చూసిందా? నన్ను చూసిందా? ఆమె చూడలేదు. నువ్వు చూసినావు. దినమూ ఈ ఇంట్లోనే ఉండావు. రేత్రి నేను వచ్చేదాకా ఈ బిడ్డ ముద్ద ముట్టదని అమ్మ, నాయన అందరూ తిడతా ఉంటే నువ్వు వినలేదా? అదేమి పాఠమో నాకు తెలీదు. నీ కండ్లు యాడికి పోయినాయి?"

"అక్కా, పాఠంలో..."

"పాఠం పక్కన పెట్టు." రికార్డు నా ఒళ్ళోకి విసిరింది. "చూసింది చూసినట్టు రాయమన్నారు కదా. ఇయ్యాల ఆదివారం. నేను యాడికీ పోను. కూర్చుని చూడు. కూర్చో అంటా ఉండాను కదా!"

ఇరవయ్యేళ్ళ మనిషిని నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టింది. అమ్మ బియ్యం కడగడానికి పిలిస్తే, "అది రాదు, దానికి పనుంది" అని అక్కే జవాబిచ్చింది. నాకు రోషం వచ్చింది, ఏడుపు వచ్చింది. లేవడానికి మాత్రం ధైర్యం రాలేదు.

మొదట్లో అక్క కోపంతో గిన్నెలు చప్పుడు చేస్తూ తిరిగింది. ఒక గంట గడిచాక నేను ఉన్నానన్న సంగతే మరిచిపోయింది. నేను చూశాను. పాపకు నూనె పెట్టి నలుగు పెట్టింది. కంట్లో సబ్బు పోయిందని అది అరిస్తే వీపు మీద ఒకటి వేసింది. మధ్యాహ్నం పాప గని తెల్లమట్టి దిబ్బ మీద జారి లంగా చింపుకుని వచ్చింది. ఆ మట్టిలో విషం ఉంటుందని పిల్లలను అటు పోనిచ్చేవాళ్ళు కాదు. అక్క చెంప మీద కొట్టి, చేతులు మూడు మార్లు కడిగించి, గోళ్ళ కింద పుల్లతో గీకింది. పది నిముషాలకు చూస్తే అక్క బియ్యం ఏరుతూ ఉంది, పాప ఆమె వీపు మీద ముఖం ఆనించి నిలబడి జడ విప్పుతూ, మళ్ళీ అల్లుతూ ఉంది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. ముద్దులూ లేవు. తిండి దగ్గర పాప తన ముద్దలో సగం అక్క పళ్ళెంలో పెట్టింది. అక్క చూడకుండానే తినేసింది.

సాయంకాలం కొత్త పుట తీసి రాయడం మొదలుపెట్టాను. పెద్ద మాటలేవీ లేవు. తల్లి ఎన్ని గంటలకు పోతుంది, పోయేటప్పుడు బిడ్డ ఏడుస్తుందా లేదా, తల్లి ఎన్ని గంటలకు వస్తుంది, బిడ్డ ఎవరి చేతి కూడు తింటుంది, ఎవరికోసం ఆకలి ఆపుకుంటుంది, ఆదివారం ఏమేమి చెబుతుంది. నీళ్ళ పుట కింద కొళాయి, డబ్బా, రెండు బిందెల సంగతి రాశాను. పిండి సంగతీ రాశాను. ఒకే బిడ్డ ఒకే దినం ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక ఉండింది, నేను చూశాను అని రాశాను. మేడమ్ సంతకం పెట్టిన పుటను బ్లేడుతో కోసి తీసేశాను.

మరుసటి దినం ఆవిడ ఆ కోసిన అంచు మీద వేలు పెట్టి అడిగారు. "నా సంతకం యాడ?"

"తీసేసినాను మేడమ్. అది నేను చూసింది కాదు."

నన్ను గదిలోనుంచి పంపేస్తారనుకున్నాను. ఆవిడ కూర్చుని కొత్త పుటలు మొత్తం చదివారు. చదివాక కోపం కంటే అలసట ఎక్కువగా కనబడింది.

"నువ్వు రాసింది తప్పని నేను చెప్పలేదమ్మా. పరీక్షకు వచ్చే ఆయన ఒప్పుకోడు. ఒక సంవత్సరం ఒక పిల్ల ఇట్లే వేరేగా రాసింది. ఆ కోపంలో క్లాసు మొత్తానికి మార్కులు కోసి పోయినాడు. వాళ్ళ అమ్మానాయనలు వచ్చి నన్ను నిలేసినారు. నేనేమి చెప్పేది వాళ్ళకు? అప్పటినుంచి నాకు ఎందుకొచ్చిన తంటా అనిపించింది." ఆవిడ ప్రతి పుట కిందా సంతకం పెట్టారు. చివరి పుటలో పెన్ను కాగితాన్ని చీల్చింది. "తీసుకుపో. ఆయన అడిగితే నువ్వే చెప్పుకో. నా పేరు ఎత్తొద్దు."

పరీక్ష దినం వరకు జవాబులు తయారు చేసుకున్నాను. కొళాయి గురించి అడిగితే ఇట్లా, పిండి గురించి అడిగితే అట్లా, తల్లి గురించి అడిగితే ఏమాత్రం తగ్గకూడదు. బస్సులో పెదవులు కదుపుతూ పోయాను. వచ్చినాయన కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తుకుని రికార్డు చేతిలోకి తీసుకున్నాడు. పుటలు లెక్కపెట్టాడు. చదవలేదు, లెక్కపెట్టాడు.

"ఐదేళ్ళ బిడ్డ ఏ దశలో ఉంటుంది?"

చెప్పాను.

"కుక్క కథలో కూటికి ముందు మోగేది ఏమి?"

"గంట సార్."

"ఈ రెండు పుటలకు మార్జిను ఎందుకు గీయలేదు?"

అక్క చెప్పిన మాటలు, అమ్మ తిట్లు, నాలుగు దినాలు నీళ్ళ వరుసలో నిలబడింది, అన్నీ గొంతులో ఉన్నాయి. "మరిచిపోయినాను సార్" అన్నాను. ఆయన సంతకం పెట్టి తర్వాతి పిల్లను పిలిచాడు. మార్కులు ఏమీ తక్కువ రాలేదు. ఎవరైనా చదివి కోసేసి ఉంటే అంత మంట పుట్టేది కాదు.

రికార్డులు సంస్థలోనే ఉండిపోయాయి. తర్వాత నాకు బేతమంగళ దగ్గర ఒక పల్లె బడిలో పని దొరికింది. ఏడాది గడిచాక సర్టిఫికెట్ కోసం కోలారుకు పోయినప్పుడు, పనిలో పనిగా రికార్డు అడుగుదామని మేడమ్ గదికి పోయాను. బల్ల మీద కొత్త బ్యాచి పుస్తకాలు పేర్చి ఉన్నాయి. ఊరికే ఒకటి తెరిచాను. నీళ్ళ పుటలో బిడ్డ "రెండూ ఒకటే, కొళాయి దగ్గర చూశాము కదా" అంటోంది. ఇంకొకటి తెరిచాను. కొళాయి. మూడోదాంట్లోనూ కొళాయి. ఆ మూడో ఊరు నాకు బాగా తెలుసు. అక్కడ బావి తప్ప ఏ కొళాయీ లేదు.

"నీది సంతకమై వచ్చింది కదా" అన్నారు మేడమ్, నా ముఖం చూసి. "ఇంగ భయం లేదని అందరూ దాన్నే రాసుకుంటా ఉండారు. నేను చెప్పి చెప్పి చాలించినాను." ఆవిడకు నవ్వు వచ్చింది, నాకు రాలేదు. నా రికార్డు నేను తీసుకుపోతానని పట్టుబట్టాను. ఆవిడ అడ్డం చెప్పలేదు.

ఆదివారం ఇంటికి పోయి అక్క ముందు పెట్టాను. ఆనాడు కోసేసిన పుట స్థానంలో ఏమి రాశానో ఆమె ఎప్పుడూ అడగలేదు. నేనూ చూపించలేదు. అక్క పాప బడి జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. "నాకు చదివేదానికి చేతులు యాడ ఖాళీగా ఉండాయి? నువ్వే చదువు, వింటాను" అంది.

చదివాను. అక్క సూది ఆపకుండా వింది. తల్లి నాలుగున్నరకు ఇంటి నుంచి బయలుదేరుతుంది అనే చోట తల ఎత్తింది.

"నాలుగున్నర కాదు. నాలుగుంబావుకే పోతాను. నాలుగున్నరకు స్టేషన్లో ఉంటాను. దిద్దుకో."

"పరీక్ష అయిపోయిందక్కా. సంతకాలు కూడా అయిపోయినాయి."

"అయితే మాత్రం? తప్పు తప్పే కదా."

పెన్ను తెచ్చి దిద్దాను. పాప అప్పటికి రెండో తరగతి. పలక పక్కన పెట్టి నా భుజం మీది నుంచి చూస్తోంది. తల్లి పోయేటప్పుడు బిడ్డ ఏడవదు అనే మాట నేను చదివాక, "నేను ఒక దినం ఏడ్చినాను" అంది.

"ఎప్పుడు?" అన్నాం ఇద్దరమూ ఒకేసారి.

"ఎప్పుడో. పిన్నమ్మ కోలారుకు పోయినంక."

"ఏంటికి ఏడ్చినావు?" అక్క సూది పట్టుకుని అట్లాగే ఉండిపోయింది.

"చెప్పను" అంది పాప.

బతిమాలాను. నేను చూడలేదు కాబట్టి రాయలేదు, ఇప్పుడు చెబితే రాస్తాను అన్నాను. అవ్వను అడగమంది. అవ్వకు జ్ఞాపకం లేదు. బెదిరించాను. అది తల అడ్డంగా ఊపి, చెప్పులు వేసుకుని ఆడుకోవడానికి వెళ్ళిపోయింది. రెండేళ్ళ చదువు, మూడు నెలల గమనిక, ఒక ఏడాది టీచరు ఉద్యోగం, అన్నీ పెట్టుకుని నేను పెన్ను తెరిచి పట్టుకుని కూర్చున్నాను. ఇంత పిడికెడు పిల్ల నోటి నుంచి ఒక్క ముక్క రాబట్టలేకపోయాను.

అక్క జాకెట్టుకు చివరి హుక్కు కుట్టేసింది. తర్వాత దారం కొరికి తెంపింది. "ఏడ్చింది అని మాత్రం రాయి" అంది. "ఏంటికో తెలీదు అని గూడా రాయి."

మార్జినులో చోటు తక్కువ. చిన్న అక్షరాలతో అట్లాగే రాశాను.